జలపాతం ముందు ఎక్కడ నిలబడాలి?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నీళ్ల ఫొటోల గురించే ఉన్నాయి. అందుకని ఒకటి రెండు తప్ప మిగతావి పక్కనపెట్టి ఈ పేజీలన్నీ దాదాపు వాటికే ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. చాలామంది అదే ప్రశ్నను వేరువేరు మాటల్లో అడిగారు కాబట్టి దాన్ని కుదించడానికి మనసొప్పలేదు.

ప్రశ్న: మూడేళ్లుగా జలపాతాలు తీస్తున్నాను. ట్రైపాడ్ వాడతాను. నీరు పాలధారలా మెత్తగానే వస్తుంది, ఫోకస్ కూడా తప్పదు. అయినా ఇంటికొచ్చి చూసుకుంటే అక్కడ నిలబడ్డప్పటి పులకింత ఫొటోలో ఉండదు. పోయిన ఏడాది 16 మి.మీ. వైడ్ లెన్స్ కొన్నాను. దాంతో జలపాతం ఇంకా చిన్నదైపోయింది! రెండు ఫొటోలు పంపుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి.
— ఒక బ్యాంకు ఉద్యోగిని

జవాబు: మొహమాటం లేకుండానే చెబుతానమ్మా. మీ రెండు ఫొటోలూ దారి ఎక్కడ ముగిసిందో అక్కడే ఆగి, మీ కళ్ల ఎత్తున పెట్టి తీసినవి. అక్కడికి వచ్చిన ప్రతివాళ్లూ చూసే జలపాతమే వాటిలో ఉంది. మొదటిదాంట్లో ధార సరిగ్గా నడుమ ఉంది. కింది మూడో వంతంతా బండలే, కానీ ఆ బండలకు ఒక్క పనీ లేదు. పైన చెట్ల మధ్య నుంచి తెల్లటి ఆకాశం ముక్క ఒకటి తొంగిచూస్తోంది. రెండోది నిలువు ఫొటో. అందులో ధార మొదలయ్యే అంచు ఫ్రేముకు తగిలీ తగలనట్టు తెగిపోయింది. వెలుగు, ఫోకస్ బాగానే కుదిరాయి. మీ లెన్సులోనూ లోపం లేదు. లోపం కాళ్లు ఆగిన చోట ఉంది.

నేను జలపాతం దగ్గరికి వెళ్లాక మొదటి ఇరవై నిమిషాలు ట్రైపాడ్ విప్పను. ట్రైపాడ్ విప్పితే కాళ్లు ఆగిపోతాయి, ఇక ఆ చోటును సమర్థించుకోవడానికే బుర్ర పనిచేస్తుంది. ఆ ఇరవై నిమిషాలూ నా చేతిలో ఒక నల్ల అట్టముక్క మాత్రమే ఉంటుంది. దాని మధ్యలో 72 మి.మీ. వెడల్పు, 48 మి.మీ. ఎత్తు ఉన్న కిటికీ కోసుకున్నాను. ఒక కన్ను మూసి, రెండో కంటికి 10 సెం.మీ. దూరంలో పట్టుకుంటే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (36 x 24 మి.మీ. సెన్సర్ ఉన్నది) 50 మి.మీ. లెన్స్ చూసేది కనిపిస్తుంది. 20 సెం.మీ. దూరంలో పట్టుకుంటే 100 మి.మీ. లెన్స్ చూపు. కిటికీ వెడల్పు సెన్సర్ వెడల్పుకు రెండింతలు కాబట్టి దూరం కూడా లెన్స్ అంకెకు రెండింతలు, లెక్క అంతే. కానీ ఆ అట్టముక్క నేర్పేది లెక్క కాదు. దాన్ని పట్టుకుని నడుస్తుంటే, రెండడుగులు పక్కకు వేసినా బొమ్మ మొత్తం మారిపోవడం కళ్లారా కనిపిస్తుంది.

ఇప్పుడు వైడ్ లెన్స్ సంగతి. మీ ఫొటోలో జలపాతం చిన్నదైందని బాధపడ్డారు. 16 మి.మీ. లెన్స్ స్వభావమే అది: దూరంగా ఉన్నదాన్ని కుదిస్తుంది, దగ్గరున్నదాన్ని పెంచుతుంది. అందుకని దానికి దగ్గరగా ఏదో ఒకటి ఉండి తీరాలి. ఒక బండ మీకు మీటరు దూరంలో ఉంది, జలపాతం ఇరవై మీటర్ల దూరంలో ఉంది అనుకోండి. మీరు అర మీటరు ముందుకు జరిగితే ఆ బండ ఫొటోలో రెండింతలవుతుంది. జలపాతం మాత్రం నూటికి రెండు మూడు పాళ్లు పెరుగుతుందేమో, అంతే. వైడ్ లెన్స్ చేతిలో ఉన్నప్పుడు కూర్పంతా, అంటే ఫ్రేములో ఏది ఎక్కడ ఉండాలన్నదంతా, ఆ అర మీటరులోనే జరుగుతుంది. మీరేమో అందరూ కనిపించేలా గ్రూప్ ఫొటో తీసేవాళ్లలా వెనక్కి జరిగారు. ముందుకు వెళ్లండి. మోకాళ్ల మీద కూర్చోండి. ఆ దగ్గరి బండ మసకబారుతుందని భయం వద్దు. ఫుల్‌ఫ్రేమ్ మీద 16 మి.మీ., ఎఫ్/11 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం సన్నబడుతుంది) పెట్టి, సుమారు 80 సెం.మీ. దూరానికి ఫోకస్ చేస్తే, 40 సెం.మీ. నుంచి కొండ కొస దాకా అంతా స్పష్టంగా వస్తుంది.

అలాగని ఏ బండ పడితే ఆ బండ ముందు పెట్టకూడదు. దాని ఏటవాలు గానీ, దాని మీది పగులు గానీ, పక్కనుంచి పారే సన్నటి పాయ గానీ కంటిని లోపలికి తీసుకెళ్లాలి. ఫ్రేముకు అడ్డంగా పడుకున్న బండ గేటు వేసినట్టు ఉంటుంది, చూపు అక్కడే ఆగిపోతుంది. మీ మొదటి ఫొటోలో ఉన్నవన్నీ అడ్డ బండలే. కుడి చివర మాత్రం ఒక నాచు పట్టిన బండ ఉంది చూడండి, దాని కొస ధార వైపు తిరిగి ఉంది. నేనైతే దాని వెనక్కి వెళ్లి కూర్చునేవాణ్ని.

ఎత్తు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం అది చాలా ముఖ్యమనిపిస్తుంది. కెమెరా కిందికి దింపితే ముందున్న బండ గంభీరంగా లేస్తుంది, కానీ దాని వెనకున్న మడుగు సన్నటి గీతైపోతుంది. కెమెరా పైకెత్తితే మడుగు విచ్చుకుంటుంది, బండ నేలకు అతుక్కుంటుంది. ఏ ఎత్తు మంచిదంటే అంగుళాల్లో చెప్పలేను. నేను చూసేది ఒకటే: ముందు బండ కొస, ధార అడుగు ఒకదాన్నొకటి తాకకూడదు. మధ్యలో కాస్త నీరు కనబడాలి. ఆ నీటిపాయ కనబడే వరకు ట్రైపాడ్ కాళ్లు పెంచుతాను, కనబడగానే ఆపేస్తాను.

అన్నిటికంటే ముందు నన్ను నేను అడుక్కునే ప్రశ్న: ఈ నీరు ఎటు వెళ్తోంది? జలపాతం అంటే పడే నీరు మాత్రమే అనుకుని అందరం ధార మీదే గురిపెడతాం. పడ్డ నీరు ఎక్కడో మలుపు తిరుగుతుంది, ఏదో సందులోంచి బయటికి పోతుంది. ఆ పోయే దారి ఫ్రేములో ఉంటే ఫొటోకు రాకా పోకా రెండూ ఉంటాయి. అది కింది మూల దగ్గర బయటికి పోతే నాకు ఇష్టం. కింది అంచు నడుమ నుంచి పోతే నీరు చూసేవాళ్ల ఒళ్లోకి ఒలికిపోయినట్టుంటుంది. మీరు నిలబడ్డ చోటికి ఎడంగా పది పన్నెండు అడుగులు వేస్తే ఆ పాయ వంపు తిరిగి కనిపించేదని మీ రెండో ఫొటో చూస్తే తెలుస్తోంది. దాని మొదలు కొంచెం అందులో పడింది.

ఇక ఆకాశం ముక్క. కన్ను అన్నిటికంటే ముందు తెల్లటి చోటుకు పోతుంది. జలపాతం ఫొటోలో తెల్లగా ఉండాల్సింది నీరు ఒక్కటే. దానికి పోటీగా మరో తెలుపు ఉంటే, అది గోరంతే ఉన్నా, చూపు అటూ ఇటూ కొట్టుకుంటుంది. కళ్లు సగం మూసి చూడండి, పోటీదారు వెంటనే బయటపడుతుంది. మబ్బు పట్టిన రోజున ఆకాశాన్ని నేను నిర్దాక్షిణ్యంగా కోసేస్తాను. ధార పై అంచు పోయినా ఫరవాలేదు. అయితే కోస్తే బాగా కిందికి, తెలిసి కోసినట్టు కొయ్యాలి. ఉంచితే దానిపైన ఊపిరి తిరిగేంత చోటు ఉంచాలి. అంచు మీద వేలాడదీస్తేనే చేయి జారినట్టుంటుంది.

ఈసారి అదే జలపాతానికి వెళ్లండి. వేరేదానికి కాదు. రెండు ఫొటోలు కూడా వెంట తీసుకెళ్లి, అవి తీసిన చోటు కాకుండా మరెక్కడైనా నిలబడి తీసి పంపండి. ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: ఫ్రేమును మూడు భాగాలు చేసి గీత మీద వస్తువును పెట్టాలంటారు. జలపాతం నడుమ ఉంటే తప్పేనా?
— డిగ్రీ విద్యార్థి

జవాబు: తప్పు కాదు. ఆ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని మీద భయం తగ్గుతుంది. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండు చిత్రకారుడు పల్లె దృశ్యాల చిత్రలేఖనం గురించి రాస్తూ ఆ పేరు పెట్టాడు. అప్పటికి ఫొటో అన్నదే పుట్టలేదు. ఆయన మాట్లాడింది పాళ్ల గురించి. నేల ఒక పాలు ఉంటే ఆకాశం రెండు పాళ్లు ఉండాలని, వెలుగు ఎంత ఉండాలి, నీడ ఎంత ఉండాలని. సమానంగా రెండు సగాలు చేస్తే ఏది ముఖ్యమో తేలదని ఆయన బాధ. అది ఇప్పటికీ నిజమే. అంతేగానీ గీతలు కలిసే చోట నాలుగు చుక్కలు పెట్టి, వస్తువును వాటిలో ఒకదాని మీద కూర్చోబెట్టమని కాదు.

ధార సన్నగా, నిటారుగా, రెండు వైపులా గోడల్లాంటి రాళ్లతో ఉంటే నడుమ పెట్టండి, గర్భగుడిలో విగ్రహంలా ఉంటుంది. నిశ్చలమైన మడుగులో పూర్తి ప్రతిబింబం ఉన్నా నడుమ గీతే సరి. ధార ఒక పక్కకు వాలి పడుతుంటే మాత్రం అది వాలే వైపు ఎక్కువ చోటు వదలండి. గ్రిడ్ గీతలను నేను క్షితిజరేఖ వంగకుండా చూసుకోవడానికే వాడతాను.

ప్రశ్న: నీరు మెత్తగా రావడానికి షట్టర్ ఎంతసేపు తెరవాలి? మా మిత్రుడు 30 సెకన్లు అంటాడు. ఎన్‌డీ ఫిల్టర్, పోలరైజర్ రెండూ కొనాలా?
— కొత్తగా కెమెరా కొన్న పాఠకుడు

జవాబు: షట్టర్ స్పీడ్‌ను అందరూ సాంకేతిక విషయం కింద జమకడతారు. నా దృష్టిలో అది కూడా కూర్పే. పావు సెకనుకు నీటిలో గీతలు పడతాయి. ఆ గీతలకు దిశ ఉంటుంది, అవి చూపును లాక్కుపోతాయి. 30 సెకన్లకు ఆ గీతలన్నీ కలిసిపోయి, ధార ఉన్న చోట తెల్లటి గుడ్డ ఆరేసినట్టు మిగులుతుంది. ఉధృతంగా దూకే పెద్ద జలపాతానికి నేను పావు సెకను దాటను, కొన్నిసార్లు ఎనిమిదో వంతు సెకను. మెట్లు మెట్లుగా జారే సన్నటి పాయలకు అర సెకను నుంచి ఒక సెకను. సముద్రంలా పడే నీటికి 1/1000 సెకను పెట్టి ప్రతి తుంపరనూ నిలబెట్టినా దాని బలం తెలుస్తుంది, ప్రతి ధారనూ పట్టులా మార్చాలని ఎక్కడా లేదు. మడుగులో నురగ సుడి తిరుగుతుంటే మాత్రం 15 సెకన్లు, 30 సెకన్లు పెట్టండి, నురగ తానే వృత్తాలు గీస్తుంది. అప్పుడు మీ మిత్రుడి మాటే నిజం. ధారకొకటి, మడుగుకొకటి రెండు ఫొటోలు తీసి తర్వాత కలుపుకునేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ ఓపిక లేదు, కానీ అందులో తప్పు లేదు.

ఫిల్టర్ల విషయానికొస్తే ముందు పోలరైజర్ కొనండి. తడి రాళ్ల మీద, ఆకుల మీద మెరిసే తెల్లటి జిగి తీసేసి అడుగున ఉన్న రంగును చూపిస్తుంది. ఇంతకుముందు చెప్పిన పోటీ తెలుపులు చాలావరకు ఆ జిగి వల్లే వస్తాయి. పైగా అది వెలుగును ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు తగ్గిస్తుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగం కావడం). చెట్ల నీడలో, మబ్బు వెలుగులో, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే తీరు) 100, ఎఫ్/11 పెడితే చాలాసార్లు దానితోనే అర సెకను వచ్చేస్తుంది, వెలుగును తగ్గించే నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ అవసరమే పడదు. ఎండ ఉన్నప్పుడు 6 స్టాపుల ఎన్‌డీ చాలు. అది వెలుగును 64 రెట్లు తగ్గిస్తుంది, అంటే 1/60 సెకను ఉన్నది సుమారు ఒక సెకను అవుతుంది. షట్టర్ వేగం తగ్గడం కోసమని ఎఫ్/22కి పోకండి, వెలుగు సన్నటి రంధ్రంలో విచ్చుకుపోయి మొత్తం ఫొటో మెత్తబడుతుంది.

పోలరైజర్ తిప్పేటప్పుడు కన్ను తెరిచి తిప్పండి. పూర్తిగా తిప్పితే మడుగులో బంగారంలా పడ్డ కొండ ప్రతిబింబం కూడా పోతుంది. కొన్నిసార్లు మెరుపు సగం ఉంచడమే మంచిది. ఇంకో సంగతి, తుంపరల్లో ఇంద్రధనుస్సు కనిపించినప్పుడు పోలరైజర్ తప్పు కోణంలో ఉంటే అది ఫొటోలోంచి మాయమైపోతుంది, ఆ రంగులు పోలరైజ్ అయిన వెలుగు కాబట్టి. సరైన కోణానికి తిప్పితే రెండింతలు నిండుగా కనిపిస్తుంది. ఇంద్రధనుస్సు కోసం వెతికేవాళ్లు సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకోండి. మీ తల నీడ పడే దిక్కు నుంచి 42 డిగ్రీల దూరంలో అది ఉంటుంది.

ప్రశ్న: ఫోన్‌తో ఇవన్నీ సాధ్యమా?

జవాబు: నిలబడే చోటు, ఎత్తు, అంచులు, నీటి దారి, వీటికి ఫోన్ చాలు. నేను చోటు వెతికేటప్పుడు అట్టముక్క మర్చిపోతే ఫోనే తీస్తాను. వేళ్లతో జూమ్ చేయకుండా నడిచి వెళ్లండి.

ప్రశ్న: ఒక్కసారి వెళ్తే నాలుగు వందల ఫొటోలు తీస్తాను. ఇంటికొచ్చాక ఒక్కటీ నచ్చదు. ఏది తప్పు?
— ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, నేను ఫిల్మ్ రోజుల్లో మొదలుపెట్టాను. రీలులో 36 ఫొటోలు ఉండేవి, రోజుకు ఒక రీలు. ఆ కొరతే నాకు గురువైంది. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ సంగతి చెబుతాను. 1927 ఏప్రిల్ 10న ఆయన అక్కడి యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే శిఖరం ఎదుటికి బరువైన గాజు ప్లేట్ల కెమెరా మోసుకుంటూ వెళ్లాడు. పసుపు ఫిల్టర్ పెట్టి ఒక ఫొటో తీశాక, తన మనసులో ఉన్న శిఖరం అందులో రాదని తట్టింది. మిగిలింది ఒకే ప్లేటు. ఎర్ర ఫిల్టర్ పెట్టి తీశాడు. ఆకాశం దాదాపు నల్లబడి, రాతి ముఖం ముందుకు లేచింది. ఎదురుగా ఉన్నదాన్ని కాకుండా, తనకు ఎలా అనిపించిందో దాన్ని ముందే మనసులో చూసుకుని తీసిన మొదటి ఫొటో అదేనని ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

మీరు ఈసారి కార్డు నిండా చోటున్నా పన్నెండే తీస్తానని వెళ్లండి. షట్టర్ నొక్కే ముందు ఒక్క వాక్యం లోలోపల అనుకోండి: ‘ఈ ఫొటో నాచు గురించి’, లేదా ‘ఈ ఫొటో ఆ ఒంటరి చెట్టు గురించి’. వాక్యంలో ‘మరియు’ వచ్చిందంటే రెండు ఫొటోలు ఒకదానిలో ఇరుక్కున్నాయన్నమాట. వాక్యం దొరికాక చూపును ఫ్రేము నాలుగు అంచుల వెంట ఒక చుట్టు తిప్పండి. సగం తెగిన రాయి, లోపలికి చొచ్చుకొచ్చిన కొమ్మ, పక్కవాళ్ల సంచి పట్టీ, అన్నీ అంచుల్లోనే దాక్కుంటాయి. నేను నాలుగు గంటలు ఒకే జలపాతం దగ్గర కూర్చుని, ఇంటికొచ్చాక ప్రతి ఫొటోలోనూ కుడి అంచున ఒకే ఎండు కొమ్మ చూసుకున్న రోజు ఉంది. ధార వైపే చూస్తూ కూర్చున్నాను, అంచు వైపు ఒక్కసారీ చూడలేదు. ఆ రోజు పడ్డ బాధ వల్లే ఈ అలవాటు నాకు స్థిరపడింది.

ఏరుకునేటప్పుడు ఫొటోలను బొటనవేలంత చిన్నగా చేసి చూడండి, తర్వాత తలకిందులు చేసి చూడండి. పాత పెద్ద కెమెరాల్లో వెనక గాజు మీద బొమ్మ తలకిందులుగానే పడేది. అలా చూసినప్పుడు అది జలపాతమన్న సంగతి మరుగున పడి, వెలుగు ముద్దలు, చీకటి ముద్దలు మాత్రమే కనిపిస్తాయి. కూర్పు నిలుస్తుందో ఒరుగుతుందో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: కొండల వరుసలు కళ్లకు మహా ఎత్తుగా కనిపిస్తాయి, ఫొటోలో పుట్టల్లా వస్తాయి. ఎందుకు?

జవాబు: కొండల ముందు వైడ్ లెన్స్ తీస్తున్నారు గనుక. దాన్ని సంచిలో పెట్టి 100 లేదా 200 మి.మీ. పెట్టండి. కొండ ముందు ఇల్లో, చెట్టో, మనిషో ఏదైనా కొలతగా ఉంటే దాని నుంచి దూరంగా వెళ్లి తీయండి. మీరు దూరం జరిగేకొద్దీ చెట్టు చిన్నదవుతుంది, కొండ అలాగే ఉంటుంది, అంటే చెట్టు పక్కన కొండ లేచినట్టవుతుంది. పొద్దున, సాయంత్రం ఏటవాలు వెలుగులో వరుస వెనక వరుస లేత రంగులోకి పోతుంది, ఆ తేడానే ఫొటోలో లోతు. మిట్టమధ్యాహ్నం ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది.

ప్రశ్న: మంచి కోణం కోసం వాగు నడుమ బండ మీదికి వెళ్తుంటాను. ఇంట్లోవాళ్లు కోప్పడతారు.
— ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: ఇంట్లోవాళ్లదే సరైన మాట బాబూ. మీరున్న చోట ఎండ కాస్తున్నా, ఎగువన వాన కురిస్తే నీరు నిమిషాల్లో లేస్తుంది. నీటి రంగు మట్టిగా మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, చప్పుడు పెరిగినా కెమెరా సంగతి మరిచిపోయి గట్టుకు రండి. ట్రైపాడ్ పోతే మరొకటి వస్తుంది. ధార పై అంచు దగ్గర నాచు బండ మీదికి మాత్రం ఎప్పుడూ వెళ్లకండి, అక్కడి నుంచి మంచి ఫొటో కూడా రాదు, నీరు మీకు వీపు చూపించి పోతుంటుంది. మీకు కావలసిన కోణం నూటికి తొంభై పాళ్లు గట్టు మీద నుంచి 70–200 మి.మీ. జూమ్ లెన్స్‌తో దొరుకుతుంది. బండల మధ్య చిన్న చిన్న ధారలను విడదీసి తీయడం మొదలుపెట్టండి, నాకు పెద్ద జలపాతాల కంటే అవే ఎక్కువ ఫొటోలిచ్చాయి.

ప్రశ్న: నిలువు ఫొటో పంపాను. పైనా కిందా ఖాళీ ఎక్కువైనట్టుంది. కోయాలా, వదిలేయాలా? కోస్తే ప్రింటుకు సరిపోతుందా?
— గృహిణి

జవాబు: కోయండి. కెమెరా ఇచ్చే 2:3 నిష్పత్తి నిలువుగా తిప్పితే జలపాతానికి మరీ పొడుగు. నేను ఎక్కువగా 4:5కి తెస్తాను. మీది 24 మెగాపిక్సెళ్ల కెమెరా, అంటే నిలువు ఫొటో 4000 x 6000 పిక్సెళ్లు. 4:5 చేస్తే 4000 x 5000 మిగులుతుంది. అంగుళానికి 300 చొప్పున 13 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ప్రింటు నిక్షేపంగా వస్తుంది. మీ ఫొటోలో కోత మొత్తం పైనుంచే తీసుకోండి, ఆ మసక ఆకులు పోతాయి. కింద మాత్రం వేలు పెట్టకండి. ఎడమ మూలలో నీటి కింద మూడు గులకరాళ్లు కనిపిస్తున్నాయి, అవి ఉండాలి.